నాలుగో పెట్టెలో పక్క సీటు

సెప్టెంబర్ 6, శనివారం

కైరో వచ్చి వారమైంది. ఈ నోటుబుక్కు కింద శుక్రి బాబాయ్ కొట్లో కొన్నాను. నేనుండేది నాలుగో అంతస్తు. బుట్టకి తాడు కట్టి బాల్కనీ నుంచి దింపితే ఆయన సరుకులు పెట్టి పంపిస్తాడు. నోటుబుక్కు అడిగితే పెన్ను కూడా వేసి, "పెన్ను ఊరికే ఇస్తున్నా, పెళ్ళికి పిలవడం మర్చిపోకు" అని వీధంతా వినేలా అరిచాడు. ఈ షుబ్రా పేటలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. పొద్దున లేస్తూనే బీన్సు బండివాడు, గ్యాసు సిలిండర్లని రెంచితో వాయించుకుంటూ వచ్చేవాడు, పై అంతస్తులో మొగుడూ పెళ్ళాల పోట్లాట. అస్యూత్ యూనివర్సిటీ హాస్టల్లో నాలుగేళ్ళు కైరో, కైరో అని కలవరించింది ఈ గోల కోసమే.

గది బాగుంది. రెండు మంచాలు, ఒకటి కిటికీ పక్కన, ఒకటి గోడ పక్కన. కిటికీ మంచం తనదని విదాద్ హాస్టల్లోనే తేల్చేసింది. నేను కిటికీ మంచం తీసుకున్నాను. ముందొచ్చినవాళ్ళది కదా.

సెప్టెంబర్ 7, ఆదివారం

రాసుకోవడానికేగా కొన్నది. రాస్తాను.

విదాద్ చనిపోయింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం దాని గుండెని పాడుచేసింది. నెలనెలా ఇంజెక్షన్ చేయించుకునేది, హాస్టల్లో ఉన్నప్పుడు నేనే తోడు వెళ్ళేదాన్ని. ఆగస్టు ముప్పై తెల్లవారుజామున వాళ్ళమ్మ లేపితే లేవలేదు. ఆ పొద్దున్నే మేమిద్దరం కైరో రైలెక్కాల్సింది.

అది ఖెనాలో ఎక్కి నాలుగో పెట్టెలో నాకు సీటు పట్టి ఉంచాలి. నేను సొహాగ్‌లో ఎక్కాలి. సీటు నంబర్లు లేని రైలు. నాన్న దిగబెట్టడానికి వచ్చాడు. నాన్న నన్ను పంపడానికి ఒక్క మాట మీదే ఒప్పుకున్నాడు: ఇద్దరైతే వెళ్ళండి, ఒక్కదానివైతే ఇంట్లో ఉండు. నాలుగో పెట్టెలో విదాద్ కనబడలేదు. ఫోన్ ఎత్తలేదు. బండి కదలబోతోంది. నాన్న కిటికీ దగ్గరికొచ్చి "ఏదే ఆ పిల్ల?" అన్నాడు. "బాత్రూంలో ఉంది నాన్నా" అన్నాను. అప్పటికి నాకు తెలీదు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, అప్పటికి నాకు తెలీదు.

తహ్తా దాటాక దాని ఫోన్ ఎవరో ఆడమనిషి ఎత్తింది. వెనకాల ఏడుపులు. అస్యూత్‌లో దిగి వెనక్కి వెళ్ళే బండి ఎక్కొచ్చు. కానీ అక్కడ రెండు నిమిషాలే ఆగింది. మిన్యాలోనూ అంతే, రెండే నిమిషాలు. అయినా మా వైపు మధ్యాహ్నం లోపే మట్టి చేసేస్తారు. వెళ్ళినా అందేదాన్ని కాదు.

పక్క సీటు మీద సంచీ పెట్టి కూర్చున్నాను. ఎక్కిన ప్రతివాళ్ళూ ఖాళీయేనా అని అడిగారు. మనిషి ఉంది, వస్తుంది అన్నాను. కైరో దాకా అదే చెప్పాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

నీళ్ళ పరీక్ష ల్యాబ్‌లో పని. సీసాలు, నమూనాలు, పట్టికలు. చేతులకి పని ఉంటే బాగానే ఉంటుంది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

అమ్మ వీడియో కాల్ చేస్తానంది. గోడ పక్క మంచానికి దుప్పటి పరిచి, విదాద్ నీలం స్కార్ఫు తలగడ మీద వేశాను. హాస్టల్లో చలికాలం అప్పిచ్చింది, నా పెట్టెలోనే ఉండిపోయింది. బల్ల మీద రెండు కప్పులు పెట్టాను.

అమ్మ గదంతా చూసింది. "దాని మంచం నీ మంచం కంటే శుభ్రంగా ఉంది, చూసి నేర్చుకో" అంది. విదాద్ ఏదని అడిగింది. ల్యాబ్‌లో ఉందన్నాను. శుక్రవారం సెలవు కదా, ల్యాబేమిటని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు.

మొదటి జీతం రానీ. ఇక్కడ కాస్త నిలదొక్కుకున్నాక నాన్నకి నేనే చెప్తాను. అప్పటి వరకే ఇదంతా. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

బుట్టలో ఒక పెరుగు అడిగితే రెండు వచ్చాయి. పైనుంచి అడిగితే శుక్రి బాబాయ్ "పైన ఇద్దరున్నారుగా, ఆ పిల్లని పస్తు పడుకోబెడతావా?" అని అరిచాడు. తప్పు ఆయనది కాదు. వారం నుంచీ నేనే రెండు చొప్పున తీసుకుంటున్నాను.

రెండూ నేనే తిన్నాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

అమ్మ ఈసారి పట్టు వదల్లేదు. "మూడు వారాలైంది, ఆ పిల్ల నోట ఒక్క మాట వినలేదు. నామీద అలిగిందా? పిలువు దాన్ని."

"బాత్రూంలో ఉందమ్మా."

"ఎప్పుడడిగినా బాత్రూమేనా? చేపపిల్లా అది?"

నా పాత ఫోన్ బల్ల సొరుగులో ఉంది. అందులో విదాద్ హాస్టల్లో పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. బాత్రూం ముందు నేను తలుపు బాదుతుంటే లోపల్నుంచి పంపింది. పాత ఫోన్ తలుపవతల పెట్టి నొక్కాను. "నజ్లా, బాత్రూంలో ఉన్నానే తల్లీ. తలుపు విరగ్గొట్టకు. వస్తున్నా, ఉండు, వచ్చేస్తున్నా."

అమ్మ నవ్వింది. "గొంతు బొంగురుపోయింది పాపం. పుదీనా మరిగించి తాగమను."

సెప్టెంబర్ 20, శనివారం

దాని మెసేజ్ పదకొండు సెకన్లు. ఇంక ఎప్పుడూ వాడను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

వాడాను. నాన్న కూడా విన్నాడు.

విదాద్ ఎలా ఉందని నాన్న అడిగాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు దాన్నే అడుగుతాడు, తర్వాతే నన్ను. "లావెక్కింది నాన్నా, ఇద్దరి తిండి ఒక్కతే తింటోంది" అన్నాను. నా పంట్లాం బొత్తాం పట్టడం లేదు.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఇల్లుగలావిడ ఫిర్యాల్ అత్త పక్క గదిలోనే ఉంటుంది. స్నేహితురాలు వచ్చే వారం వస్తుందని ఆవిడకి మొదట్లో చెప్పాను. ఈరోజు వంటింట్లో మొలోఖియా ఆకు తరుగుతూ, "వచ్చేసిందా మీ పిల్ల? చెప్పనేలేదే" అంది.

"లేదత్తా, ఎవరన్నారు?"

"నిన్న మధ్యాహ్నం మీ గదిలో ఎవరో మెటికలు విరుచుకున్నారు. పదివేళ్ళూ, వరసగా. నువ్వు పనిలో ఉన్నావు కదా, అదే అనుకున్నా."

చదువుకునేటప్పుడు పేజీ తిప్పే ముందల్లా విదాద్ మెటికలు విరిచేది. ఎన్నిసార్లు తిట్టానో. ఈ సంగతి నేను ఫిర్యాల్ అత్తకి ఎప్పుడూ చెప్పలేదు.

ఎండకి మంచం చెక్క పగిలి ఉంటుంది అన్నాను. అలాగే అయి ఉంటుంది. కైరోలో ఎండ ఇంకా తగ్గలేదు.

అక్టోబర్ 2, గురువారం

సాయంత్రం ల్యాబ్‌లో వాళ్ళందరితో నైలు మీద పడవెక్కాను. రంగు బల్బులు, చెవులు దిబ్బళ్ళు పడే పాటలు. నా పక్క బల్లమీద పనిచేసే ఇంజీ నన్ను లాగి డ్యాన్సు చేయించింది. వచ్చాక మొదటిసారి కడుపు నొప్పెట్టేలా నవ్వాను. ఇదే, ఇందుకే వచ్చాం అనుకున్నాను. తర్వాత కుషరి తినడానికి వెళ్ళాం. నా వంతు రాగానే రెండు గిన్నెలు అన్నాను.

"ఇంకోటి ఎవరికే?" అంది ఇంజీ.

డబ్బులు లెక్కపెడుతూ తల దించుకున్నాను.

"కడుపులో కవలలు గానీ ఉన్నారా ఏంటి" అని అందర్నీ నవ్వించింది. నేనూ నవ్వాను. రెండో గిన్నె ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. పొద్దున పారేస్తాను.

అక్టోబర్ 8, బుధవారం

ఈరోజు విదాద్ పోయిన నలభయ్యో రోజు, సమాధి దగ్గర అందరూ చేరే రోజు. వెళ్దామనుకున్నాను. సెలవు దొరకలేదు.

అక్టోబర్ 9, గురువారం

సెలవు అడగలేదు.

అక్టోబర్ 13, సోమవారం

నాన్న ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. రేపు పంపుసెట్ల సామాను పని మీద ఖెనా వెళ్తున్నాడట.

"ఎలాగూ అక్కడిదాకా వెళ్తున్నా, విదాద్ వాళ్ళింట్లో ఓ గడియ కూర్చుని వస్తా. రెండిళ్ళ పిల్లలూ ఒక గదిలో ఉంటున్నారు, మొహాలు కూడా ఎరగకపోతే బాగుండదు. మీ అమ్మ రొట్టెలు కడుతోంది. వాళ్ళింట్లో మగదిక్కు ఎవరే?"

"వాళ్ళ తాత. హాజ్ రిద్వాన్." నోరు దానంతటదే చెప్పేసింది.

"సరే. ఆ పిల్ల ఏమన్నా చెప్పమందేమో అడుగు."

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే మా నాన్న, బిడ్డని మట్టిలో పెట్టిన ఇంటికి వెళ్ళి, మీ బిడ్డ క్షేమం అని చెప్తాడు. అంతకంటే దారుణం ఇంకోటి లేదు. చెప్తే నేను రేపటి బండికి సొహాగ్‌లో ఉంటాను, ఇంక ఇల్లు కదిలేది లేదు. రెండూ తూచాను. తూచానన్నదే నా మీద నాకు అసహ్యం కలిగిస్తోంది.

"అడుగుతా నాన్నా" అన్నాను.

ఇంకా టైముంది. బండి పొద్దున ఎనిమిదికి. ఏడుకి ఫోన్ చేస్తాను.

అక్టోబర్ 14, మంగళవారం

ఏడుకి చేయలేదు. తొమ్మిదికి చేస్తే అందలేదు. పదింటికి మోగింది, నేనే పెట్టేశాను. పన్నెండుకి ల్యాబ్‌లో ఒక సీసా చేజారి పగిలింది.

మూడింటికి నాన్న చేశాడు. ఖెనా స్టేషన్లో ఉన్నాడు, సంతోషంగా ఉన్నాడు.

"ఎంత మర్యాదగల ఇల్లే. పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టాడు. చెవుడు పాపం, ఏం చెప్పినా తలూపుతాడు. ఆ పిల్ల తల్లి తలుపు వెనక నుంచే మాట్లాడింది. మీ అమ్మాయి మా ఇంటి పిల్లే, ఏం దిగులు పెట్టుకోకమ్మా, కైరో నీళ్ళు పడ్డాయి, లావెక్కిందట కూడా అన్నాను. చాలాసేపు పలకలేదు. మొహమాటం అనుకున్నా. తర్వాత, 'బాగా తింటోందా అన్నా?' అంది. ఇద్దరి తిండి ఒక్కతే తింటోందట అన్నాను. నవ్వింది."

"నవ్విందా?"

"తలుపు వెనక కదా, అలాగే వినబడింది. టీ పంపింది. వచ్చేటప్పుడు, మళ్ళీ రా అన్నా, దాని కబుర్లు చెప్పు అంది."

అది నవ్వు కాదని నాన్నకి చెప్పలేదు. గదికొచ్చి కూర్చున్నాను.

అయిదు దాటాక ఫోన్ మోగింది. తెర మీద విదాద్ అని పేరు.

గోడ పక్క మంచం వైపు చూశాను. నిజంగా చూశాను, అక్కణ్ణుంచి చేస్తోందేమోనని. ఎత్తాను.

"నజ్లా, నేనమ్మా."

వాళ్ళమ్మ. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి ఉమ్ విదాద్ అంటారు, విదాద్ తల్లీ అని. పెద్దబిడ్డ పేరుతో పిలవడం మా ఆచారం. బిడ్డ పోయినా ఆ పేరు పోదు. నీళ్ళకెళ్ళినా కూరలకెళ్ళినా రోజుకి పదిసార్లు ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలుస్తుంటారు.

"దాని ఫోన్‌లో నాకు పచ్చ బొత్తాం ఒక్కటే తెలుసు. పైన నీ పేరే ఉందన్నారు. ఆ రోజు చివరిగా నువ్వే చేశావట కదా."

"పిన్నీ" అన్నాను.

"మీ నాన్న వచ్చి వెళ్ళాడు. ఆయనకి తెలీదని మొదటి మాటలోనే నాకు అర్థమైంది. చెప్పబోయాను. ఇంతలో లావెక్కిందట అన్నాడు." కాసేపు ఊపిరి వినబడింది. "ఎప్పుడూ పుల్లలా ఉండేది కదే అది. దాని ఒంటికి ఇంత కండ పడితే చాలని ఎంత మొత్తుకున్నానో. ఆయన అలా అనగానే నాకు కనబడింది. టీ చల్లారేదాకా నా బిడ్డ కైరోలో ఉంది."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఏడవలేదు.

"గదిలో రెండు మంచాలున్నాయటగా. దానిది ఏది?"

"కిటికీ పక్కది, పిన్నీ."

"అదే అడిగేది. చిన్నప్పట్నుంచీ దానికి గాలి ఆడాలి." తర్వాత, "నువ్వు ఎందుకు రాలేదమ్మా?" అంది. నిష్ఠూరంగా కాదు. దారిలో ఏమైనా అయిందా అని అడిగినట్టు.

అప్పుడు చెప్పాను. "నాకు తహ్తా దగ్గరే తెలిసింది పిన్నీ. రైలు ఆగలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆగింది. మిన్యాలో ఇరవై నిమిషాలు ఆగింది. నేను కిందికి దిగాను. టీ కొనుక్కుని తాగాను. మళ్ళీ ఎక్కాను."

అవతల ఆవిడ ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"మంచిపని చేశావు" అంది చివరికి. "పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండవు."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

దాని గొంతు నా దగ్గర ఉందని చెప్పాను. దాన్ని ఏ పనికి వాడానో కూడా చెప్పాను. వినిపించు అంది. పాత ఫోన్ తెచ్చి దగ్గరగా పెట్టి నొక్కాను. వస్తున్నా, ఉండు, వచ్చేస్తున్నా.

"మళ్ళీ పెట్టు."

ఏడుసార్లు పెట్టాను. ఎనిమిదోసారి అడగలేదు.

"మీ నాన్నకి నువ్వే చెప్పాలి, నజ్లా. కానీ శుక్రవారం దాకా ఆగు. ఈ రెండు రోజులూ అది అక్కడే ఉండనీ. రోజూ సాయంత్రం నేను చేస్తాను, అది ఏం చేసిందో చెప్పు."

అక్టోబర్ 15, బుధవారం

ఆవిడ చేసింది. విదాద్ ఈరోజు ఆలస్యంగా లేచిందని, బుట్ట దింపితే శుక్రి బాబాయ్ దాన్ని ఆటపట్టించాడని, ట్రాముల రోడ్డు దాటడానికి భయపడి నా చెయ్యి పట్టుకుందని చెప్పాను. "రోడ్డంటే భయమే దానికి" అంది.

ఇన్నాళ్ళూ అమ్మకి చెప్పిన అబద్ధాలు నోట్లో ఇసకలా ఉండేవి. ఇవి అలా లేవు. ఎందుకో నాకు తెలీదు.

అక్టోబర్ 16, గురువారం

ఈరోజు కబుర్లలో విదాద్‌ని పడవెక్కించాను. డ్యాన్సు చేయించాను. రంగు బల్బుల కింద బాగుంది అని చెప్పాను. కుషరి తిందా అని అడిగింది. ఒక గిన్నె నిండా తిందన్నాను.

"సరే, చాలమ్మా" అంది. "అలిసిపోయి ఉంటుంది. పడుకోనీ ఇంక."

పెట్టేసే ముందు చెప్పింది. నలభయ్యో రోజు సమాధి దగ్గర పంచిన తీపి రొట్టెల్లో నా వాటా తీసి దాచిందట. గట్టిపడ్డాయట, టీలో ముంచితే మెత్తబడతాయట.

అక్టోబర్ 17, శుక్రవారం

నమాజు అయ్యాక నాన్నకి చేశాను. "విదాద్ ఎలా ఉందే?" అన్నాడు ముందుగా, ఎప్పటిలాగే.

చెప్పాను. ప్లాట్‌ఫారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. మిన్యా టీ కూడా.

నాన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నేను ఆవిడతో లావెక్కిందట అన్నాను" అన్నాడు. కొంతసేపయ్యాక మళ్ళీ అదే అన్నాడు. ఫోన్ అమ్మకివ్వకుండా బల్ల మీద పెట్టేశాడు. అమ్మ ఏమైందేమైందని అడగడం, తర్వాత అమ్మ ఏడుపు వినబడ్డాయి. అమ్మ విదాద్ కోసం ఏడుస్తోంది. దాన్ని ఒక్కసారే చూసింది. అయినా ఈ నెలన్నరలో దానికి పుదీనా మరిగించింది, రొట్టెలు కట్టింది. అమ్మకి అది ఈరోజే చచ్చిపోయింది.

గంట తర్వాత నాన్న చేశాడు.

"రేపు పొద్దున బండి ఎక్కు. నేను సొహాగ్‌లో ఎక్కుతా. ఇద్దరం పరామర్శకి వెళ్తున్నాం. ఇప్పటికే ఆలస్యమైంది."

"నాన్నా, ఉద్యోగం?"

"ఆ ఇంటి గడప తొక్కి వచ్చాక, అప్పుడు అడుగు నన్ను." పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు. "నాలుగో పెట్టె ఎక్కు. నాకు సీటు ఉంచు."

సాయంత్రం నా దుప్పటీ తలగడా గోడ పక్క మంచం మీదికి మార్చాను. కిటికీ తెరిచి పెట్టాను. శుక్రి బాబాయ్‌ని ఒకే పెరుగు పంపమన్నాను. రెండోది తీసేస్తూ, "ఆ పిల్ల ఊరెళ్ళిందా?" అని అరిచాడు. వీధిలో అందరూ తలెత్తి చూశారు.

"చనిపోయింది బాబాయ్" అని నేనూ అరిచే చెప్పాను.

బుట్ట కాసేపు పైకి రాలేదు. వచ్చినప్పుడు అందులో పెరుగుతో పాటు సంతాపానికి ఇచ్చే చేదు కాఫీ పొడి చిన్న పొట్లం కట్టి ఉంది.

అక్టోబర్ 18, శనివారం, రైల్లో

నాలుగో పెట్టె దొరికింది. కాఫీ పొట్లం, నీలం స్కార్ఫు, పాత ఫోన్ సంచీలో ఉన్నాయి. సంచీ పక్క సీటు మీద ఉంది.

మిన్యాలో ఇరవై రెండు నిమిషాలు ఆగింది. నేను దిగలేదు, దిగితే సీటు పోతుంది. టీ అమ్మేవాడు కిటికీ దగ్గరికొచ్చాడు, వద్దన్నాను. పెట్టె నిండిపోయింది. చంకలో కోడిని పెట్టుకున్న ముసలావిడ ఒకామె వచ్చి సంచీ వైపు చూసింది.

"ఖాళీయేనా తల్లీ?"

"మనిషి వస్తున్నారు" అన్నాను. అవే మాటలు, అదే గొంతు.

"అందరూ అలాగే అంటారు. ఎక్కడెక్కుతారు?"

"మా నాన్న. సొహాగ్‌లో."

ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసి, కోడిని సర్దుకుని, నడవలో మూట మీద కూర్చుంది. "అయితే అక్కడిదాకా నేను కాపలా ఉంటాలే" అంది.

తహ్తా దాటింది. తర్వాతది సొహాగ్. సంచీ ఒళ్ళోకి తీసుకున్నాను.